పక్కపక్కన రెండు సున్నపు గీతలు

నా చిన్నప్పుడు నేను మట్టి తినేదాన్ని. సరదాకు ఒకసారి రుచి చూడడం కాదు. కొత్తగా అలికిన గోడ వాసన తగిలితే చాలు, నోట్లో నీళ్ళూరేవి. గోటితో పెళ్ళ గీకి చప్పరించేదాకా కుదురుగా ఉండలేకపోయేదాన్ని. మట్టి దొరక్కపోతే చేటలో బియ్యం, బియ్యం దొరక్కపోతే పొయ్యిలో బొగ్గు. ఇప్పుడు మా మనవరాళ్ళు ఈ మాట వింటే మొహం చిట్లిస్తారు. చిట్లించనీ. ఉన్న మాట చెప్పడానికే కూర్చున్నాను.

గోదావరికి ఆనకట్ట కట్టి, మా ఊరిదాకా కాలువ తవ్విన కొత్త రోజులవి. వాన కోసం ఆకాశం వైపు చూసే చేలకు నీళ్ళొచ్చాయని ఊరంతా సంబరపడింది. ఆ నీళ్ళ వెనకాలే చలిజ్వరమూ వచ్చింది. ఒక వానాకాలం అది నన్ను పట్టుకుంది. వదిలేటప్పుడు ఒంట్లో నెత్తురంతా తనతో పట్టుకుపోయింది. మొహం పాలిపోయి ఉబ్బింది, గోళ్ళు తెల్లబడ్డాయి, వీధి చివరిదాకా నడిస్తే ఆయాసం. మట్టి మీద ఆశ పుట్టింది అప్పుడే.

నాకు ముందు పుట్టిన అక్క కూడా ఇలాగే తెల్లబడి, ఇలాగే గోడలు గీకి, ఒక చలికాలంలో పోయిందట. అందుకే నా మూతికి మట్టి కనబడినప్పుడల్లా మా అమ్మ ముందు నా వీపు మీద ఒకటి వేసేది, ఆ తర్వాత నన్ను ఒళ్ళోకి లాక్కుని తనే ఏడ్చేది. గోడకు వేపాకు ముద్ద పూసింది. చేతులకు గుడ్డలు చుట్టింది. వేపాకు చేదు నాకు అలవాటైపోయింది, గుడ్డముడి పళ్ళతో విప్పడమూ వచ్చేసింది. పక్కింటి పిన్ని దడి మీదుగా తొంగి చూసి, "ఏమే, మీ ఇంటి గోడ ఇంకా నిలబడే ఉందా?" అని అడిగేది. తను హాస్యానికే అనేది. అమ్మ మాత్రం ఆ మాట విన్న రోజు అన్నం తినేది కాదు.

మండపేట వైపు నుంచి ఒక వైద్యుడుగారు మా ఊరికి వచ్చిపోతుండేవారు. ఆయన నా కనురెప్ప కిందికి లాగి చూసి, చూర్ణంతోపాటు మునగాకు, చోళ్ళ అంబలి, పాత బెల్లం పెట్టమన్నారు. అన్నిటికంటే ముఖ్యం పూటపూటా ఆవుపాలు అన్నారు. మునగచెట్టు పెరట్లోనే ఉంది. చోళ్ళు, అదే రాగులు, ఎక్కడైనా దొరుకుతాయి. ఆవే లేదు. ఉన్న ఒక్క ఆవూ గాలివానకు పాక కూలి దాని కింద పడి చచ్చిపోయింది. మా నాన్నది కౌలు సేద్యం. ఆసామి వాటా, కోతల కూలి, విత్తనాలు పోగా ఇంటికి చేరే గింజలు మళ్ళీ పంట వచ్చేదాకా తిండికి సరిపోతే అదే పదివేలు.

మా నాన్న తల్లిని మేము మామ్మ అనేవాళ్ళం. మాట కరుకు, చెయ్యి బిగువు. దీపంలో వత్తి ఎవరైనా లావుగా వేస్తే లాగి, చీల్చి, సగం దాచేది. కొబ్బరాకు ఈనె పుల్ల కూడా పారెయ్యనిచ్చేది కాదు. నన్ను ముద్దు చేసిన గుర్తు లేదు. వైద్యుడుగారు వెళ్ళిపోయాక ఆవిడ వసారాలో కూర్చుంది. తన కాళ్ళకున్న వెండి కడియాలు చేత్తో తిప్పుకుంటూ ఉంది.

మా వైపు ఆడవాళ్ళకు ఒక అలవాటుంది. వంటకు బియ్యం కొలిచి చేటలో పోశాక, కడగబోయే ముందు, అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే బానలో వేస్తారు. ఆపదకు అక్కరకొస్తుందని. ఎవరు వండితే వాళ్ళే ఆ పిడికెడు తియ్యాలి. మా ఇంట్లో ఆ పని అమ్మది. మాఘ పున్నమి నాడు మామ్మ దాన్ని అమ్మ చేతిలోంచి తప్పించి నాకు అప్పగించింది.

"అత్తయ్యగారూ, బియ్యం కనబడితే నోట్లో పోసుకునే పిల్లండి ఇది," అంది అమ్మ.

"తెలుసు. అందుకే ఇస్తున్నాను," అంది మామ్మ.

తర్వాత నన్ను కూర్చోబెట్టి కట్టడి చెప్పింది. ఆవు ఖరీదులో సగానికి తన కడియాలు ఇస్తుంది. మిగతా సగం ఈ బాన ఇవ్వాలి. పిడికిలి నాదే ఉండాలి, ఎందుకంటే చిన్న పిడికిలి తీసినంత మాత్రాన ఇంట్లో ఎవరి కడుపూ మాడదు, పిల్ల పుష్టిగా పెరిగితే పిడికిలీ దానంతటదే పెద్దదవుతుంది. నేను మట్టి తిన్న రోజున మాత్రం బానలో చెయ్యి పెట్టకూడదు, ఆ పూట అమ్మే వేస్తుంది. తిన్నావా అని ఎవరూ అడగరు, ఎవరూ కొట్టరు. నేనే వచ్చి చెప్పాలి. ఇంకో పని కూడా చేసింది. పురుగు పట్టకుండా అంటూ బానలో బియ్యానికి ఆముదం పట్టించింది. ఆ బియ్యం నేను ఒక్కసారే నోట్లో వేసుకున్నాను.

మామ్మకు చదువు రాదు. నేను వీధిబడిలో గుణింతాలు పూర్తి కాకుండానే జ్వరంతో మానేశాను. అందుకని లెక్క గోడ మీద పెట్టుకున్నాం. బాన వెనక గోడ మీద, సరిగ్గా నేను గీకి గుంట చేసిన చోటనే, మామ్మ సున్నంతో రెండు గీతలు నిలువుగా మొదలుపెట్టింది. ఒకటి బానది, ఇంకొకటి నాది. పున్నమి పున్నమికీ సోలతో బియ్యం కొలిచి, పెరిగినదాన్ని బట్టి బాన గీతను పైకి పొడిగించేది. నన్ను ఎండలో నిలబెట్టి కనురెప్ప లాగి చూసేది, గోళ్ళు నొక్కి చూసేది. జబ్బకు నూలు దారం చుట్టి ముడి వేసి, ఆ దారాన్ని ఉట్టికి కట్టి దాచేది. మరుసటి పున్నమికి అదే దారం మళ్ళీ చుట్టి, బిగుతైతేనే నా గీతను పైకి జరిపేది.

మొదటి నెల నా గీత కదల్లేదు. చాలా పూటలు అమ్మే పిడికెడు వేసింది. ఆవిడ వేస్తుంటే నా బొమ్మను ఎవరో లాక్కున్నట్టు ఉండేది నాకు. ఆ కోపంతోనే రెండో నెల గోడ దగ్గరికి వెళ్ళడం తగ్గింది. మునగాకు కూర కళ్ళు మూసుకుని మింగాను. చోళ్ళ అంబలి అంటే అసహ్యం, అదీ తాగాను. పొద్దున్నే కాలువ గట్టు మీద నడవమంటే నడిచాను. చైత్ర పున్నమి నాడు దారం చివరలు ముడికి అందలేదు. మామ్మ నవ్వలేదు గాని, సున్నపు ముంత నా చేతికిచ్చి, గీత నన్నే గియ్యమంది. నేను ఆ వేలు సాయంత్రందాకా కడుక్కోలేదు.

అక్కడితో ఆగితే బాగుండేది. కాని గీత పెరగడం కళ్ళతో చూశాక నాకు ఆత్రం పట్టుకుంది. ఎండాకాలం పోతే వానలొస్తాయి, వానలొస్తే జ్వరం మళ్ళీ వస్తుంది, ఈలోగా ఆవు రాకపోతే నేనూ అక్కలాగే పోతానని నా భయం. ఎవరికీ చెప్పలేదు. పిడికిలి పెద్దది చేద్దామంటే వేళ్ళు సాగవు కదా. ఆకలి లేదని అమ్మతో చెప్పి, రాత్రిపూట నా వంతు బియ్యం కూడా బానలో వెయ్యమనడం మొదలుపెట్టాను. మట్టి జోలికి పోని పిల్ల కోరుతోందని అమ్మ కాదనలేదు. బాన బాగా బరువెక్కింది. నాకు మహా గర్వంగా ఉండేది.

ఏరువాక పున్నమి వచ్చింది. ఆ రోజు సేద్యగాళ్ళ పండుగ. ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగు వేసి, పొంగలి తినిపించి అప్పుడు గాని కాడి కట్టరు. మా నాన్న తెల్లవారుతూనే ఆ తంతు అంతా చేసి, మొదటి చాలు దున్నడానికి చేనుకు వెళ్ళాడు. మామ్మ బాన కొలిచింది. ఎప్పుడూ లేనంత పెరిగింది. గీత ఒక్కసారిగా నా గీతను దాటి చాలా పైకి పోయింది. నేను మామ్మ మొహం వైపే చూస్తున్నాను, ఈసారైనా మెచ్చుకుంటుందేమోనని.

అప్పుడు నా జబ్బకు దారం చుట్టింది. పోయిన నెల ముడి వేసిన దారం వదులై, మోచేతి దాకా జారిపోయింది.

మామ్మ లేచింది. ఆ దారం చేత్తో పట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది. నేను వెనకాలే వెళ్ళాను. అమ్మ పొయ్యి దగ్గర వంగి ఊదుతోంది. మామ్మ అమ్మ చెయ్యి పట్టుకుని పైకెత్తింది. మణికట్టు దగ్గర ఉండాల్సిన మట్టిగాజులు గలగలమంటూ మోచేతి దాకా పోయి ఆగాయి. అమ్మ తల దించుకుంది. అడగకుండానే అంతా బయటపడింది. నా వంతు బానలో పడ్డ ప్రతి రాత్రీ అమ్మ తన వంతు కూడా అందులోనే వేసి, గంజి తాగి పడుకునేదట. అమ్మా నేనూ అందరికన్నా ఆఖరున తినేవాళ్ళం కాబట్టి మా నాన్నకుగాని, మామ్మకుగాని తెలియలేదు.

"ఆవు తొందరగా వస్తుందనండి, అత్తయ్యగారూ," అంది అమ్మ.

మామ్మ ఆ గాజులను మెల్లగా మణికట్టుకు దించింది. ఆవిడ గొంతు అంత మెత్తగా పలకడం నేను అంతకుముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు.

"ఆవు వచ్చేసరికి ఆ పాలు తాగడానికి మీరుండాలి కదే, అమ్మాయ్."

ఆ మాట అని, తిరిగి బాన దగ్గరికి వెళ్ళి, సోల ముంచి బియ్యం తీసింది. ఒకటి కాదు, చేట నిండేదాకా తీసింది. వత్తి చీల్చి దాచే మనిషి, అన్ని నెలలుగా కూడబెట్టిన గింజలు అలా తియ్యడం చూసి నాకు ఏడుపొచ్చింది. ఆముదం పోయేదాకా ఎన్నో నీళ్ళతో బియ్యం కడిగింది. తనే పొయ్యి మీద పెట్టింది. పప్పు వండింది, మామిడికాయ పచ్చడి తీసింది. వసారాలో రెండు ఆకులు వేసి, అమ్మను, నన్ను కూర్చోమంది. అమ్మ కదల్లేదు. మగవాళ్ళు తినకుండా, అందులోనూ ఏరువాక నాడు, కోడలు ఆకు ముందు కూర్చోవడం మా ఊళ్ళో ఎవరూ ఎరగరు. మామ్మే అమ్మ భుజం మీద చెయ్యి వేసి బలవంతంగా కూర్చోబెట్టింది.

సరిగ్గా అప్పుడే మా నాన్న చేను నుంచి వచ్చాడు. కాళ్ళకు మట్టి, మెడలో తువ్వాలు, మంచి ఆకలి మీద ఉన్నాడు. గుమ్మంలో ఆగి మా ఆకుల వైపు, తల్లి వైపు చూశాడు.

"అరుగు మీద కూర్చో నాయనా. పొద్దున ఎద్దులకు పెట్టాకే కదా కాడి ఎత్తావు? ఇదీ అంతే," అంది మామ్మ.

మా నాన్న వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు. తువ్వాలుతో విసురుకుంటూ వీధి వైపు చూడడం మొదలుపెట్టాడు. అమ్మ మొదటి ముద్ద కలిపి, అరుగు వైపు చూసి ఆగింది. మామ్మ పక్కనే నిలబడి నెయ్యి వేసింది, ఇంకో హస్తం అన్నం వేసింది. ఇంతలో నిప్పు కోసం వచ్చిన పక్కింటి పిన్ని ఈ వింత చూసి బుగ్గలు నొక్కుకుని, "ఇవాళ మీ ఇంట్లో పొద్దు పడమట పొడిచిందా ఏంటండీ?" అంది. "పొడిస్తే పొడిచింది. నువ్వూ కూర్చో, ఆకేస్తాను," అంది మామ్మ. పిన్ని ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, నిప్పు సంగతి మరిచి కూర్చుంది. తినడం అయ్యేదాకా ఆవిడ మా గోడ గురించి ఒక్క మాట అనలేదు.

భోజనాలయ్యాక మామ్మ వేలు తడిచేసి బాన గీతను కిందికి తుడిచేసింది, నా గీతకన్నా ఒక వేలు తక్కువకు. ఇకమీద ఆ గీత నా గీతను దాటి పోకూడదంది. మనిషిని తగ్గించి బానను పెంచడం కూడబెట్టడం కాదనీ, ఇంట్లోంచి ఇంట్లోకే దొంగతనమనీ చెప్పింది. ఆ రోజు నుంచి ఉట్టికి ఇంకో దారం వేలాడింది. అది మా అమ్మది.

వానాకాలం రానే వచ్చింది. జ్వరమూ వచ్చింది. కాని ఈసారి మంచంలో నాలుగు రోజులు పడేసి, నేను తెచ్చుకున్న నెత్తురు తీసుకోకుండా పోయింది. బాన నిండడానికి మేము అనుకున్నదానికన్నా చాలా ఆలస్యమైంది. కార్తీకం వెళ్ళాక మా నాన్న ఒంటికొమ్ము ఆవునొకదాన్ని దూడతో సహా తోలుకొచ్చాడు. వయసు మళ్ళినదే, పాలు కొంచెమే. మామ్మ కాళ్ళు బోసిగా ఉన్నాయి, ఆవిడకు ఆ ధ్యాసే లేదు. మొదటి పాలు కాచి రెండు గిన్నెల్లో పోసి, ఒకటి అమ్మకు, ఒకటి నాకు ఇచ్చింది. మేము తాగేదాకా ఎదురుగా నిలబడి, తర్వాత గిన్నెలు తనే కడిగింది.

నేనిప్పుడు మామ్మ వయసు దానినయ్యాను. మా కోడళ్ళు నన్ను పిసినారి అంటారు, నా వెనకాల కాదు, ముందే. దీపం నూనె దగ్గరా, చింతపండు దగ్గరా నాతో పోట్లాడతారు. పోట్లాడే ఓపిక ఉంటే మంచిదే, ఒంట్లో నెత్తురుందన్నమాట. నెలకొకసారి పొదుపు బాన కొలుస్తాను, అందులో ఎవరి మొహమాటమూ లేదు. కాని బాన మూత తీసేముందు ఇంట్లో ఆడవాళ్ళందరికీ ఆకులు వేయించి, దగ్గరుండి వడ్డిస్తాను. చిన్న కోడలు కొత్తలో సిగ్గుపడి తలుపు చాటుకు వెళ్ళేది, ఇప్పుడు రెండోసారి తనే అడిగి వేయించుకుంటోంది. మా అబ్బాయిలు అరుగు మీద కూర్చుని ఎదురుచూస్తుంటారు. ఆకలి మీద కాసేపు ఎదురుచూస్తే మగవాళ్ళ ఒంటికేమీ నష్టం లేదని ఇన్నేళ్ళుగా చూస్తున్నాను.