మేడ మీది కషాయం క్లాసు

ఆ క్లాసు చివర అందరూ వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకునే వేళ, నేనొక్కదాన్నే కళ్లు తెరుచుకుని, పక్కన పడుకున్న మా అత్త ఊపిరి తీస్తోందా లేదా అని చూస్తూ ఉండేదాన్నని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అమ్మకు కూడా చెప్పలేదు. ఇవాళ పొద్దున్న బలిఘట్టం వైపు నడిచి వస్తుంటే, కొత్తగా వేసిన పార్కులోంచి మైకులో ఒక ఆడగొంతు నెమ్మదిగా, గాలి లోపలికి పీల్చండి, వదలండి, తొందర లేదు అంటూ వినిపించింది. ఆ గొంతు ఎవరిదో నాకు తెలియదు. అయినా కాళ్లు గేటు దగ్గరే ఆగిపోయాయి. గడ్డి మీద దుప్పట్లు పరుచుకుని కూర్చున్న ఆడవాళ్లు మా అమ్మ ఈడు వాళ్లు, కొందరు నవ్వుకుంటున్నారు కూడా. నేను మాత్రం గేటు దాటి లోపలికి అడుగు పెట్టలేకపోయాను.

నేను డిగ్రీ పూర్తి చేసి ఇంట్లో కూర్చున్న ఏడాది అది. ఆ ఏడాది ఎలా ఉంటుందో నా ఈడు వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పరీక్షల పుస్తకాల కింద కథల పుస్తకం పెట్టుకుని చదవడం, రోజంతా ఎవరితోనూ అనని మాటలు సాయంత్రం డైరీలో రాసుకోవడం, ఇంటికి ఎవరొచ్చినా వంటింట్లోకి జారుకోవడం, ఇదే నా పని. ఈ పిల్ల నోరు మరిచిపోతుందేమో అని అమ్మకు బెంగ పట్టుకుంది. సరిగ్గా అప్పుడే మా వీధి చివర మూతపడ్డ ట్యుటోరియల్ కాలేజీ మేడ మీద ఆడవాళ్ల కోసం పొద్దుటి పూట ఆరోగ్యం క్లాసులు మొదలయ్యాయి. మా రెండిళ్ల అవతల ఉండే అత్త, అంటే మా నాన్నగారి అక్క, చేరతానంది. ఒక్కర్తినీ వెళ్లడానికి సిగ్గుపడి నన్ను తోడు అడిగింది. పెద్దవాళ్లకు తోడుగా వెళ్లడం అప్పట్లో మన బోటి వాళ్లకు ఉద్యోగం లాంటిదే కదా.

అత్త వయసులో ఉండగా చాలా ఏళ్లు జీడిపిక్కల షెడ్డులో గొంతుక్కూర్చుని పని చేసింది. మోకాళ్లు అక్కడే అరిగిపోయాయని అంటూ ఉండేది. మావయ్య వారంలో సగం రోజులు రోలుగుంట దగ్గర చెరుకు పొలంలోనే ఉండేవాడు, అందుచేత ఇంట్లో ఆవిడకు మాట్లాడే మనిషి లేదు. బీపీ ఎక్కువని ఆస్పత్రిలో రాసిచ్చిన మాత్రలు వేసుకుంటూ ఉండేది, అయితే ఆ సంగతి బయటివాళ్లకు తెలియనిచ్చేది కాదు. టీచరుగారు మొదటిరోజు అందరినీ కూర్చోబెట్టి, ఎవరికి ఏ జబ్బులున్నాయి, ఏ మాత్రలు వాడుతున్నారు అని అడిగితే, ఒక్కరూ అసలు సంగతి చెప్పలేదు. మోకాళ్లు, నడుము, నిద్ర పట్టకపోవడం, అంతవరకే చెప్పారు. బీపీ, షుగరు అన్న మాటలు పదిమందిలో అంటే ఇంట్లో పెళ్లి కావలసిన పిల్లల సంబంధాల దాకా వెళుతుందని వాళ్ల భయం.

టీచరుగారు విశాఖపట్నం మనిషి, భర్త ఉద్యోగం మీద మా ఊరు వచ్చింది. గొంతు పెంచడం ఆవిడకు తెలియదు. కష్టమైన ఆసనాలేవీ వేయించేది కాదు. మెడ ఇటూ అటూ తిప్పడం, భుజాలు వదులు చేయడం, ఊపిరిని గమనించడం, ఆ తర్వాత తిండి గురించి, నిద్ర గురించి, మనసులో దాచుకున్న కోపం ఒంటికి ఏం చేస్తుందో దాని గురించి కాసేపు మాట్లాడేది. నిన్న రాత్రి నిద్ర పట్టిందా అమ్మా అని తమను అడిగిన మనిషి వాళ్లకు అంతకు ముందు తారసపడలేదనుకుంటాను, అందరూ ఆవిడ చుట్టూ చీమల్లా చేరారు. గోడకున్న నల్లబల్ల మీద ఎప్పటిదో రసాయనశాస్త్రం సమీకరణం సగం చెరిగి ఉండేది, దాన్ని ఎవరూ పూర్తిగా తుడవలేదు. కిటికీలోంచి జీడి కాల్చే పొగ ఘాటుగా వచ్చేది. ఎందుకో ఆ హాల్లోకి అడుగు పెట్టగానే, ఎవరో అంతకు ముందే ఖాళీ చేసి వెళ్లిపోయిన చోటికి మేం పొరపాటున వచ్చామనిపించేది నాకు.

చివరి ఆసనం పేరు శవాసనం అని చెప్పినరోజు పెద్ద గొడవయింది. కోటవురట్ల నుంచి వచ్చి కూతురి దగ్గర ఉండే పెద్దమ్మ ఒకావిడ, అందరికంటే పెద్దది, నడుం మీద చేతులేసుకుని లేచి నిలబడింది.

"ఓలమ్మా, ఆ పేరేటి పొద్దున్నే. మా ముసిల్దాన్ని బేగి పంపించీమని మా అల్లుడుగానీ సెప్పీసేడేటి టీచరమ్మా మీకు?"

హాలంతా నవ్వింది. ఆ తర్వాత ఉత్తరం ఎటు అన్న ప్రశ్న వచ్చింది. పడుకున్నవాళ్ల తలలన్నీ ఉత్తరానికే ఉన్నాయని తెలిసి, వరస వరసంతా చాపలు తిప్పుకున్నారు. టీచరుగారు ఆ రోజు నుంచి ఆ పేరు ఎత్తలేదు, విశ్రాంతి అనే అనేది. అందరితో పాటు నేనూ నవ్వాను గానీ, ఇంటికొచ్చాక ఆ నవ్వు నాకు నచ్చలేదు.

క్లాసు అయ్యాక టీచరుగారు ఫ్లాస్కులో తెచ్చిన వేడి కషాయం చిన్న స్టీలు గ్లాసుల్లో పోసి ఇచ్చేది. తిప్పతీగ, ధనియాలు, అల్లం, మిరియాలు, అంతే, కాఫీ మాన్పించడానికి ఆవిడ చేసిన ఏర్పాటు అది. దానివల్ల వీధిలో మా క్లాసుకు కషాయం క్లాసు అని పేరు పడింది. ఇక్కడే జరిగింది పొరపాటు, అది మా వైపు వాళ్లు మాత్రమే చేయగల పొరపాటు. పచ్చకామెర్లకు పసరు తాగినా, పక్షవాతానికి నాటుమందు వాడినా మా ఊళ్లలో పత్యం ఒకటుంటుంది. వంకాయ మానాలి, గోంగూర మానాలి, అన్నిటికంటే ముఖ్యంగా ఇంగ్లీషు మందు ఒంట్లోకి వెళ్లకూడదు. రెండూ కలిస్తే వికటిస్తుందని చిన్నప్పటి నుంచి విన్నవాళ్లం. చేదుగా, వేడిగా, గ్లాసులో పోసి ఒకరు ఇస్తే అది మందే. మందంటే పత్యం ఉండాలి, పత్యమంటే మండలం రోజులు పూర్తి కావాలి. టీచరుగారు ఈ మాటలేవీ అనలేదు. అనకుండానే, ఒకరికొకరు చెప్పుకోకుండానే, చాలామంది మాత్రలు మానేశారు.

మొదట్లో నాకూ తెలియలేదు. అత్త మోకాళ్ల నొప్పి తగ్గిందని మెట్లు చకచకా ఎక్కుతుంటే సంతోషించాను. ముఖం ఎర్రగా కందినట్టుండేది, అందరూ కళ వచ్చిందన్నారు. మెడ వెనక పోటు అంటే, లోపలి చెడంతా బయటికి పోతోందన్నారు. ఒకరోజు మెట్లు దిగుతుండగా ముక్కులోంచి రక్తం వచ్చింది. అత్త చీర కొంగుతో తుడుచుకుని, వేడి దిగిపోతోందిలే అని నవ్వేసింది. ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లి, మంచం పక్కన అల్మారాలో ఉండే మాత్రల డబ్బా తీసి చూస్తే, అట్టలు అట్టలుగానే ఉన్నాయి. అడిగాను. నా గొంతు నాకే వినపడనంత చిన్నగా అడిగాను.

"కసాయం మీద అయ్యి మింగితే వికటించదేటే? నీకేటి తెలుసు గుంటా. అమాస ఎల్తే మండలం అయిపోద్ది. మర్నాడు నుంచీ ఏస్కుంటాను, సరేనా? మీ మావకి సెప్పేవంటే నీతో మాటాడను."

మావయ్యకు చెప్పాను. అమ్మచేత చెప్పించాను. ఆయన పొలం నుంచి వచ్చి కేకలేశాడు. అత్త తలూపింది, ఆయన తిరిగి వెళ్లగానే డబ్బా అల్మారాలోకి వెళ్లిపోయింది. నాతో మాత్రం మాట్లాడటం మానలేదు. అలా ఒకటి రెండు రోజులు చూసి, నాకు ఒక్క మార్గమే మిగిలిందని తెలిసి, క్లాసు అయ్యాక మెట్ల దగ్గర టీచరుగారి కోసం నిలబడ్డాను. బయటివాళ్లతో నాకై నేను మాట్లాడటం అదే మొదటిసారి అనుకుంటాను. సగం మాటలు మింగేస్తూ నేను చెప్పిందంతా ఆవిడ నిలబడి విన్నది. చేతిలోని ఫ్లాస్కు మెట్టు మీద పెట్టి, ఎంతమంది అని అడిగింది. నాకు తెలియదన్నాను.

మర్నాడు ఆవిడ కషాయం తేలేదు. క్లాసు మొదలుపెట్టకుండా అందరి మధ్యా కూర్చుని, చేతులు జోడించి మరీ చెప్పింది. నేనిచ్చింది మందు కాదమ్మా, వంటింటి దినుసులు, దయచేసి డాక్టరుగారు రాసిన మాత్ర ఒక్క పూట కూడా మానవద్దు, మానిన వాళ్లు ఇవాళే ఆస్పత్రికి వెళ్లి చూపించుకోండి అంది. అంత స్పష్టంగా చెప్పాక ఇంక భయం లేదనుకున్నాను. మెట్లు దిగుతుండగా నా వెనకే కోటవురట్ల పెద్దమ్మ గొంతు వినిపించింది.

"ఆయమ్మ అలా అనకపోతే డాక్టర్లు ఊరుకుంటారేటే? పైకి అనాల, అంటాది. మనం ఇనీసినట్టు తలూపాల."

అత్త ఆవిడ భుజం మీద చెయ్యి వేసి నవ్వుతూ అంది. "మన కసాయం మనవే కాసుకుంటాం, ఏం పోనాది. ఏటేటి ఎయ్యాలో తెలుసు కదా."

టీచరుగారు నిజం చెప్పినా అది నిజం కాదనుకోవడానికి వీళ్లు సిద్ధంగా ఉన్నారు. ఆ తర్వాత వాళ్లిళ్ల ముందు నుంచి వెళుతుంటే పొయ్యిల మీద తిప్పతీగ ఉడుకుతున్న వాసన వచ్చేది. టీచరుగారు రోజూ ఒక్కొక్కరినీ విడిగా అడిగేది, అందరూ వేసుకుంటున్నామండీ అనేవారు. ఆవిడ అత్త చెయ్యి పట్టుకుని, నాతో ఆస్పత్రికి రండి, నేనే తీసుకెళతాను అంటే, మావయ్య వచ్చాక వెళతానని అత్త తప్పించుకుంది. అప్పటి నుంచే నేను విశ్రాంతి వేళ కళ్లు తెరుచుకుని ఉండటం మొదలుపెట్టాను. అమావాస్యకు ఇంకా రోజులున్నాయి.

ఆ రోజు ముసురు పట్టింది, హాల్లో లైట్లు వేశారు. పక్కన చోటు లేక నేను అత్త వెనక వరసలో నిలబడ్డాను. టీచరుగారు చేతులు పైకెత్తమంది. అన్ని చేతులూ లేచాయి. అత్త కుడిచెయ్యి లేచింది, జీడినూనెకు నల్లబడి మళ్లీ తెల్లబడని ఆ వేలికొసలు పైన కనిపించాయి. ఎడమచెయ్యి తొడ పక్కనే వేలాడుతోంది. మరిచిపోయిందేమో అనుకున్నాను ఒక్క క్షణం. చేతులు దించమనగానే కుడిచెయ్యి దిగింది. మళ్లీ ఎత్తమంటే మళ్లీ అదొక్కటే లేచింది, తల నిటారుగా పెట్టుకుని, ఎంతో శ్రద్ధగా. అప్పుడు నేను అరిచాను. ఏమని అరిచానో నాకు గుర్తు లేదు, ఈ పిల్లకు ఇంత గొంతుందా అని ఆ తర్వాత చాలామంది అన్నారు. టీచరుగారు పరుగెత్తుకొచ్చి పట్టుకునేసరికి అత్త కాలు కూడా మడతపడింది.

మా ఊరి ఆస్పత్రిలో చూసి, విశాఖపట్నం తీసుకెళ్లమన్నారు. మెదడులో రక్తనాళం చిట్లిందని అక్కడి డాక్టర్లు చెప్పారు. అమావాస్యకు అత్త లేదు. మావయ్య ఎవరినీ ఏమీ అనలేదు గానీ, వీధంతా టీచరుగారి కషాయాన్నే అంది. టీచరుగారు పదో రోజు దూరంగా వచ్చి నిలబడి, ఎవరూ పలకరించకపోతే వెళ్లిపోయింది. ఆవిడ ముందే చెప్పిందని నేను అందరి ఎదుటా అన్నాను, నా మాట ఎవరూ పట్టించుకోలేదు. భర్తకు బదిలీ అయిందో, చేయించుకున్నారో, కొన్నాళ్లకు వాళ్ల ఇంటికి తాళం పడింది.

ఇప్పుడు ఆ మేడ మీద సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాళ్లున్నారు. పార్కులో క్లాసు జరిగేచోట గేటు పక్కనే బల్ల వేసి బీపీ మిషను పెట్టారు, ఆడవాళ్లు చెయ్యి చాపి కూర్చుని, నాది ఇంత, నీదెంత అని పెద్దగా చెప్పుకుంటున్నారు. మా అత్త నోట రానివ్వని మాట ఇవాళ కూరగాయల ధరంత మామూలైపోయింది. మంచిదే. కానీ వాళ్లను చూస్తుంటే, ఆ కాస్త సిగ్గు ఇంకొన్నేళ్లు ముందుగా పోయి ఉంటే, నాకు ఇంకా ఒక అత్త ఉండేది కదా అనిపించింది.

ఆ రోజు ఆటోలో ఆస్పత్రికి తీసుకెళుతుంటే అత్త తల నా ఒళ్లో ఉంది. టీచరుగారు పక్కన కూర్చుని ఏడుస్తోంది. మూతి ఒక పక్కకు లాగేసింది గానీ అత్తకు మాట ఇంకా ఉంది, తెలివీ ఉంది. ఆవిడ ఎందుకు ఏడుస్తోందో అర్థం కానట్టు ఆవిడ వైపు చూసి, నా వైపు చూసి, ముద్ద ముద్దగా అడిగింది.

"ఏటే, అందరూ నన్నలాగ సూసేరు? రెండు సేతులూ ఎత్తీసేను కదే."