మైసయ్య చొక్కా

మైసయ్య పోయిన మర్నాడు బర్రె పాలు చేపలేదు. ఆ మర్నాడూ అంతే.

పురానాపూల్ దగ్గరి ఆ కొట్టంలో డెబ్బై ఏళ్లపాటు పాలు పిండింది మైసయ్య ఒక్కడే. మూసీ పొంగి కొట్టంలోకి నీళ్లొచ్చినా, కర్ఫ్యూ పెట్టినా, చివరికి కన్నకొడుక్కి కొరివి పెట్టి వచ్చిన సాయంత్రమైనా ఆయనే పిండాడు. ఇంకొకరి చెయ్యి పడనిచ్చేవాడు కాదు. ముసలితనంలో వేళ్లు వంకరపోయి తన చొక్కా గుండీలు తనే పెట్టుకోలేకపోయేవాడు. పొద్దున్నే మనవరాలు తనూజ గుండీలు పెడితే, అవే వేళ్లతో వెళ్లి పాలు పిండేవాడు.

"నాకన్నా నేర్పరాదే తాతా," అని తనూజ ఎన్నిసార్లు అడిగిందో.

"నేను పోయినంక నేర్చుకుందువులే బిడ్డా."

ఆ మొండితనం మీద ఆమెకు ఇప్పటికీ కోపమే. మిగిలింది ఒక్క బర్రె. అదీ ఎవరినీ దగ్గరకు రానివ్వడం లేదు, పొదుగు రాయిలా గట్టిపడింది.

"మీ తాత బట్టలు మూటగట్టిన. రేపు ఎవరికన్నా ఇచ్చేద్దం," అంది నాయనమ్మ రుక్మాబాయి.

తనూజ ఆ మూట విప్పి, ఉతకని చొక్కా ఒకటి లాగి వేసుకుని కొట్టంలోకి వెళ్లింది. బర్రె ఆమె భుజం వాసన చూసింది, చెయ్యి నాకింది, నెమ్మదిగా చేపింది.

అప్పట్నుంచి రోజూ అదే చొక్కా. ఎవర్నీ ఉతకనివ్వలేదు. ఇరవయ్యో రోజు పాలు పిండుతూ కాలరు ముక్కుకు ఆనించుకుంది. తాత బీడీ వాసన ఎక్కడా లేదు. ఉన్నదంతా తన చెమట వాసనే.

బర్రె మాత్రం చేపుతూనే ఉంది.