పాలుకిచ్చిన మేక

మా చిన్నప్పుడు మా ఇంటి ముందర ఒక మేక కట్టేసి ఉండేది... మేపేది మేమే, కానీ మేక మాది కాదు. పక్కింటి ఖాజాబీ పెద్దమ్మది.

మాది కథలాపూర్ దగ్గర చిన్న ఊరు. పెద్దమ్మకు భర్త లేడు. ఆమె, మా అమ్మ ఒకే అరుగు మీద కూర్చొని, ఒళ్లో చాటలు పెట్టుకొని బీడీలు చుట్టేవాళ్లు. ఏండ్ల తరబడి బీడీల పైసలు కూడబెట్టి ఆమె కొనుక్కున్నది ఆ ఒక్క మేకనే... దాన్ని మాకు పాలుకిచ్చింది.

పాలుకిచ్చుడంటే ఇప్పటి పిల్లలకు తెల్వదు. మేక ఒకరిది, మేపే కష్టం ఇంకొకరిది. పుట్టిన పిల్లలు చెరి సగం.

ఇచ్చిననాడే ఆమె అమ్మను ఎదురుగ కూర్చోబెట్టుకున్నది.

"లచ్చీ, ఇప్పుడే మాట్లాడుకుందాం. రోగమొచ్చి సస్తే నా మేక పోతది, నువ్వు మేపిన మెహనత్ పోతది. ఒకరికొకరం బాకీ ఉండం. కానీ సోయిలేక, సరిగ్గ కాయక సంపితే గది వేరే లెక్క."

అమ్మకు నవ్వొచ్చింది. "ఇంకా నా గడప తొక్కలే... అప్పుడే సంపుతున్నవా అక్కా దాన్ని!"

"నవ్వకే. లాభం ఇద్దరిదైనప్పుడు నష్టం ఒక్కలదే ఎట్లయితది?"

ఊర్ల వేరేవాళ్లు పాలుకిస్తే, మేక సచ్చినా బతికినా దాని ఖరీదు కట్టాల్సిందే. ఈమె ఒక్కతే ఎందుకిట్ల అని నాకు వింతగ ఉండేది. ఆగలేక అడిగిన కూడ.

"మా దీన్‌ల అంటే మా మతంల, గట్లనే బిడ్డా... కష్టపడ్డోళ్ల మీదనే నష్టం గూడ మోపితే అల్లా మెచ్చడు" అన్నది.

బడి నుంచి వచ్చి మేకను తోలుకపోయేది నేనే. తొమ్మిదేండ్లుంటయి నాకు. అమ్మ రోజూ ఒక్కటే మాట చెప్పేది... "కోసిన జొన్నచేను దిక్కు పోనియ్యకు. మోళ్లకొచ్చిన లేత చిగురుల నాము ఉంటది." నాము అంటే విషమే. తిన్న జీవం బతకదు.

మేక చూలుతో ఉన్నది. ఇంకో నెలకు ఈనేది. ఒక పిల్ల మాది అని నేను పేరు గూడ పెట్టుకున్న...

ఆరోజు దోస్తులు కచ్చకాయలు ఆడుతుంటే, తాడు మీద రాయి పెట్టి నేనూ కూర్చున్న. తల ఎత్తి చూసేవరకు మేక జొన్నచేన్ల ఉన్నది. ఉరికిపోయి బయటికి గుంజుకొచ్చిన. పది అడుగులు వేసి పడిపోయింది. కాళ్లు కొట్టుకున్నయి... నోట్ల నురుగు. నలుగురు వచ్చేవరకే పానం పోయింది.

ఖాజాబీ పెద్దమ్మ చెప్పులు గూడ లేకుంట వచ్చింది. మేక తల ఒళ్లో పెట్టుకొని, దాని మూతి తన కొంగుతో తుడిచింది.

ఒకాయన మెల్లగ అన్నడు, "పానముండంగనే కోసినమని చెప్పి అమ్ముకో చెల్లే. ఎవరికెరుక?"

"నాకెరుకే గదన్నా."

అమ్మ నా దిక్కు తిరిగింది. "ఎటు తోలినవే?"

"ఎటు తోలలే... ఊకనే పడ్డది."

అమ్మ నమ్మింది. "రాజన్న సాక్షి అక్కా, నా బిడ్డ మంచిగనే మేపింది."

"నీ మాట చాలు లచ్చీ. నా మేక పోయింది, నీ మెహనత్ పోయింది. బరాబర్."

వేములవాడ రాజన్న మా ఇంటి దేవుడు. నా వల్ల అమ్మ ఆయన మీద అబద్ధపు ఒట్టు పెట్టింది.

తెల్లారి ఖాజాబీ పెద్దమ్మ అరుగు మీద తునికాకు కత్తిరిస్తుంటే పోయి అంతా చెప్పిన. పోనీలే బిడ్డా అంటదనుకున్న. అనలే. కత్తెర కింద పెట్టి, నా చెయ్యి పట్టుకొని మా అమ్మ దగ్గరికి తీసుకపోయింది.

విని అమ్మ లెంపలేసుకున్నది. నన్ను కొట్టడానికి చెయ్యి లేపింది.

"ఆగు లచ్చీ, ముందు లెక్క తేలనియ్. నిన్న మీరు నాకు బాకీ లేరు. ఇయ్యాల ఉన్నరు. చూలు మేక ఖరీదు."

అమ్మ మొఖంల నెత్తుటి చుక్క లేదు. "కడ్త అక్కా... ఎట్లనో ఓ తీర్గ" అన్నది.

"మాఫ్ చేసిన" అన్నది పెద్దమ్మ.

అమ్మ ఏడ్చుకుంటనే కోపం చేసింది. "చేసెటిదానివి ముందే చెయ్యరాదా! నా పానం తీసినవ్."

"నిన్న నాకు హక్కే లేకపాయె. లేనిదాన్ని ఎట్ల మాఫ్ చేస్తనే?" అని నా దిక్కు చూసింది. "మేక వరకే నాది బిడ్డా. అబద్ధం నాది కాదు... గది పోయి మీ రాజన్నకు చెప్పుకో."

వచ్చే సోమవారం అమ్మ నన్ను వేములవాడ తీసుకపోయింది. నేను దేవునితోని నిజంగ మాట్లాడింది ఆనాడే మొదలు...

మొన్న మా చిన్న బిడ్డ తన డిగ్రీ పాఠం పైకి చదువుతున్నది. ఇస్లాం ఆర్థిక నీతి గురించట. పెట్టుబడి ఒకరిది, శ్రమ ఒకరిది. లాభం ముందే ఒప్పుకున్నట్టు పంచుకోవాలె. నష్టమొస్తే పెట్టినవానికి పెట్టుబడి, చేసినవానికి శ్రమ పోతయి... చేసినవాడు అజాగ్రత్త చేస్తే తప్ప. నేను గరిటె పట్టుకొని వంటింట్లకెల్లి వచ్చి నిలబడ్డ. "ఇంకోసారి చదువు బిడ్డా" అన్న. పెద్దమ్మ అరుగు మీద చెప్పిందే, పుస్తకంల ఉన్నది.

అప్పటి నుంచి ఒక్కటే ఆలోచన. ఆ మేక మూతి తుడిచింది ఆమెనే. పండ్ల సందుల పచ్చటి జొన్న చిగురు ఆమెకు కనపడలేదా? కనపడ్డా గూడ, అమ్మ మాట మీద అంత నష్టం మింగి, నా కోసం ఎదురుచూసిందా? అడుగుదామంటే ఆమె లేదు...

ఇప్పుడు మా గల్లీల అప్పు ఫోన్‌లనే దొరుకుతున్నది. ఇచ్చినోని మొఖమే కనపడదు, మన నష్టంతోని వానికి పని లేదు. మేక సచ్చిందని ఎవరికి చెప్పుకుంటం?

మీ ఊర్ల గూడ మేకనో బర్రెనో పాలుకిచ్చినవాళ్లు ఉండే ఉంటరు. అది సచ్చిననాడు వాళ్లు ఏమన్నరు? గా ఒక్క మాట రాయండి... చదవాలని ఉన్నది.