మూడో నంబరు టేపు

ఆ రోజు నేను రెండు తప్పులు చేశాను. మొదటిది వేలితో చేసింది, రెండోది నోటితో చేసింది. మొదటిదాన్ని మా వృత్తిలో ఎవరైనా క్షమిస్తారు. రెండోదాని గురించి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

2011లో, తెలంగాణ ఉద్యమం ఊరూరా ఊపు మీదున్న రోజుల్లో, నేను జనగామలో ఒక లోకల్ కేబుల్ ఛానల్‌లో సీనియర్ ఎడిటర్‌ని. సీనియర్ అంటే పెద్ద హోదా అనుకోవద్దు. రోజూ పనిచేసే ఎడిటర్‌ని నేనొక్కణ్ణే. పొద్దున వార్తలు కూర్చేవాణ్ణి, మిగతా వేళల్లో అదే కంప్యూటర్ మీద పెళ్లి వీడియోల మిక్సింగ్ చేసేవాణ్ణి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అన్నీ అప్పటికి వరంగల్ జిల్లాలోనివే. మా కెమెరామన్లు తీసిన టేపులు బస్సు డ్రైవర్ల చేతికిస్తే మాకు చేరేవి. నేను వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించుకుని మళ్లీ బస్సులోనే తిప్పి పంపేవాణ్ణి. ఒక్కో టేపు మీద ఐదారుసార్లు తీసేవాళ్లు. అందుకే టేపు మీద పేరు రాసే అలవాటు లేదు, నంబరు మాత్రమే ఉండేది. కంప్యూటర్‌లో ఫైలుకూ అదే పేరు: ఒకటి, రెండు, మూడు. పెళ్లి టేపులకూ అంతే. ఈ సోమరి అలవాటు నేను పెట్టిందే.

ఆ సాయంత్రం జనగామ మైదానంలో ఉద్యమ సభ. పొద్దు గూకగానే పెద్ద తెర మీద ఇరవై నిమిషాల చిత్రం వేయాలి. చివరి నాలుగు నిమిషాలు గూడూరు దగ్గరి ఒక తండాకు చెందిన భూక్య మంగ్లి మాటలు. గూడూరు సభలో ఆమె తన ఇంటి భాషలో మాట్లాడింది. తండా పెద్దలు ఆడమనిషి వేదిక ఎక్కడమేంటన్నారట. మన మాట బయటివాళ్లు వింటారా అని నవ్వారట. వింటారో లేదో జనగామకు వచ్చి చూడండి అని ఆమె పందెం కట్టినట్టు చెప్పి, వాళ్లను వెంటబెట్టుకుని వస్తోంది. ఆ మాటలు తీసింది భూపాలపల్లి కెమెరామన్ సమ్మయ్య. అది మూడో నంబరు టేపు.

పొద్దున తొమ్మిదింటికి మహబూబాబాద్ నుంచి ఇంకో టేపు వచ్చింది. గంట టేపు ఎక్కించాలంటే డిస్కులో పదమూడు జీబీ ఖాళీ కావాలి. చోటు లేదు. దేవరుప్పుల పెళ్లి పని అయిపోయింది కదా, అందులోని మూడో ఫైలు తీసేద్దామనుకున్నాను. తెర మీద రెండు ఫోల్డర్లు పక్కపక్కనే తెరిచి ఉన్నాయి. రీసైకిల్ బిన్‌లోకి కూడా పోకుండా ఒకేసారి చెరిపేసే మీటలు నొక్కాను. వెంటనే కొత్త టేపు ఎక్కించాను.

పదకొండింటికి ఛానల్ యజమాని వెంకటరెడ్డి గారు చిత్రం చూడ్డానికి వచ్చారు. మేమంతా ఆయన్ని పటేల్ అనేవాళ్లం. ప్రాజెక్టు తెరవగానే, మూడో ఫైలు కనబడటం లేదు, వెతకమంటారా అని సాఫ్ట్‌వేర్ అడిగింది. రోజూ అడిగేదే అనుకుని సరే అన్నాను. అది వెతికి తెచ్చింది. చిత్రం బాగానే నడిచింది. మంగ్లి మాటల దగ్గరికి వచ్చేసరికి తెర మీద పెళ్లికొడుకు పెళ్లికూతురి నెత్తిన తలంబ్రాలు పోస్తున్నాడు. వెనక సన్నాయి.

"గిదేందిరా రాజన్నా? అవ్వ మాట్లాడేకాడ గీ లగ్గమేంది?" అన్నారు పటేల్.

సాఫ్ట్‌వేర్ తప్పేమీ లేదు. అది మనుషుల్ని గుర్తుపట్టదు, ఫైలు పేరునే గుర్తుపడుతుంది. మూడు అనే పేరుతో మిగిలింది దేవరుప్పుల పెళ్లి ఒక్కటే కాబట్టి దాన్నే తెచ్చి పెట్టింది. ఇలాంటప్పుడు చూడాల్సినవి వరసగా ఉంటాయి. డిస్కు కేబుల్ ఊడిందా, డిస్కుకున్న సి, డి లాంటి అక్షరం మారిందా, ఫైలు వేరే ఫోల్డర్‌లోకి జరిగిందా, అసలు ఉందా. నేను కేబుల్ పీకి పెట్టాను. అక్షరం చూశాను. ఫోల్డర్లన్నీ గాలించాను. నాలుగో ప్రశ్న దగ్గర పొద్దున నొక్కిన మీటలు గుర్తొచ్చాయి: నేను చెరిపింది పెళ్లి ఫైలును కాదు, మంగ్లి మాటల్ని. చెరిపిన ఫైళ్లను వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్ నడిపితే ముక్కలు దొరికాయి కానీ ఒక్కటీ తెరుచుకోలేదు. ఫైలు చెరిగాక ఆ డిస్కు మీద ఇంకేమీ రాయకుండా ఉంటే దొరికే ఆశ ఉంటుంది. నేను అదే చోట కొత్త టేపు ఎక్కించాను.

పటేల్ నా వెనకే నిలబడి ఉన్నారు. ఏమైందని మళ్లీ అడిగారు. "టేపు ఖాళీగా వచ్చింది పటేలా. సమ్మయ్య సరిగ్గ తీసినట్టు లేదు" అన్నాను.

ఆయన అక్కడికక్కడే భూపాలపల్లికి ఫోన్ చేశారు. ఆఫీసులో అందరూ వింటుండగా తిట్టారు. "ఖాళీ టేపు పంపుతవారా? రేపటిసంది కెమెరా ముట్టకు. తెచ్చి ఆఫీసుల పెట్టి పో" అన్నారు. గని కార్మికుడి కొడుకు సమ్మయ్య. రెండేళ్లు మా వెంట తిరిగి పని నేర్చుకుని కెమెరా పట్టాడు.

ఇక్కడ నా మనసులో మెదిలిన మాట కూడా రాయాలి. ఆ టేపు ఆ తెల్లవారుజామునే మొదటి బస్సులో సమ్మయ్య దగ్గరికి వెనక్కి పోయింది. మధ్యాహ్నం భూపాలపల్లిలో గని కార్మికుల ర్యాలీ ఉంది. సమ్మయ్య ఆ టేపు మీదే ర్యాలీ తీస్తే మంగ్లి చెరిగిపోతుంది, నా అబద్ధం ఎప్పటికీ బయటపడదు. ఆ ఆలోచనకు నాకు ఊరట కలిగింది. ఎంతసేపో చెప్పలేను కానీ, కలిగింది.

పన్నెండు కాకముందే రోడ్ల మీద రాస్తారోకోలు మొదలయ్యాయి. అవి తప్పించుకుని తండా వాళ్లు ముందే వచ్చేశారు. మంగ్లి నేరుగా మా గదిలోకి వచ్చి ఆ పెట్టెల్నీ వైర్లనూ చూసింది.

"నా ముచ్చట గిండ్లనే ఉన్నదా కొడుకా?" అని కంప్యూటర్ మీద చెయ్యి పెట్టింది.

"ఉన్నదవ్వా" అన్నాను. అది ఆ రోజు నేనాడిన రెండో అబద్ధం. బయటికి వెళ్లి సమ్మయ్యకు ఫోన్ చేశాను.

"ఆ టేపు మీద ఏం తియ్యకు!"

"తియ్యలే అన్న. పటేల్ తిట్టంగనే ఏసి చూసిన. అవ్వ మంచిగనే మాట్లాడుతుంది. ఖాళీ అన్నరెట్ల మరి?"

ఆ మాట దాటేసి, టేపు పట్టుకుని వెంటనే బయల్దేరమన్నాను. కెమెరా కూడా తెమ్మన్నాను. ఏ కెమెరాతో తీసిన టేపు ఆ కెమెరాలోనే శుభ్రంగా ఆడుతుంది.

నూట ఇరవై కిలోమీటర్ల దారి, మోటార్ సైకిల్ మీద. గంటకోసారి ఫోన్. పరకాల దాటిన, అన్నాడు. తర్వాత హనుమకొండ దగ్గర ఆపారన్నాడు. ఆపినవాళ్లకు కెమెరా చిన్న తెర మీద మంగ్లిని చూపించాడట. మాట అర్థం కాకున్నా ఆమె చెయ్యెత్తి మాట్లాడే తీరు చూసి వాళ్లు ఈల వేశారట. ఇంకోచోట అయితే బండిని చేతుల మీద ఎత్తి ముళ్లకంప దాటించారట. నేను ఇక్కడ కేబుల్ పెట్టుకుని, డిస్కు ఖాళీ చేసుకుని, ప్రతి ఫైలు పేరు పైకి చదివి మరీ చెరుపుతున్నాను.

పావు తక్కువ ఐదుకు వచ్చాడు. కనుబొమ్మల దాకా దుమ్ము. పటేల్ ఎదురొచ్చి, కెమెరాలో బొమ్మ చూసి, మరి ఖాళీ అన్నరేందని అడిగారు. సమ్మయ్య నావైపు చూశాడు. ఆ చూపుతోనే అతనికి సంగతంతా తెలిసిపోయిందని నాకు అర్థమైంది.

"కెమెరా హెడ్‌కు దుమ్ము పట్టినట్టున్నది పటేలా. తుడిచినంక బొమ్మ పడ్డది" అన్నాడు. హెడ్ అంటే కెమెరాలో టేపును చదివే భాగం.

నేను ఆ మాటను అలాగే ఉండనిచ్చి కెమెరాకు కేబుల్ తగిలించాను.

టేపంతా ఎక్కించే సమయం లేదు. నాలుగు నిమిషాల ముక్క మాత్రమే ఎక్కించాను. ఆడించి చూస్తే ఇంకో చిక్కు: పోనుపోను మాట ముందు పోతోంది, పెదవి వెనకబడుతోంది. శబ్దాన్ని సెకనుకు ఎన్ని ముక్కలుగా నమోదు చేయాలనే లెక్క ఒకటుంటుంది; కంగారులో నేను ప్రాజెక్టును ఒక లెక్క మీద పెట్టాను, సమ్మయ్య కెమెరా ఇంకో లెక్క మీద తీసింది. శబ్దాన్ని విడిగా తీసి, లెక్క మార్చి, మళ్లీ కూర్చాను. పెదవీ మాటా కలిశాయి. సమ్మయ్య చప్పట్లు కొట్టాడు. డీవీడీ చేసే వ్యవధి లేదు. కంప్యూటర్ పెట్టెను విప్పి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని, గుంత వచ్చినప్పుడల్లా ఇద్దరం దాన్ని గాల్లోకి ఎత్తి పట్టుకుని మైదానానికి చేరాం. ప్రొజెక్టర్‌కు నేరుగా కలిపి నడిపాం.

మంగ్లి ముఖం తెర నిండా వచ్చింది. నాలుగు నిమిషాలు ఆ మైదానం కదల్లేదు. మాట ఆగగానే లేచిన అరుపులకు నా వేళ్ల కింద బల్ల అదిరింది. తండా పెద్దల్లో ఒకాయన లేచి నిలబడి, అది మా తండా మనిషే అని పక్కవాళ్లకు చెబుతున్నాడు. పటేల్ నా భుజం తట్టి, మొత్తానికి నిలబెట్టినవ్ అన్నారు. ఆ తట్టు అందాల్సింది నాకు కాదు.

మర్నాడు పొద్దున్నే పటేల్ దగ్గరికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను.  "నేను వాణ్ని నలుగురి ముందల తిట్టిన. నువ్వు నాకొక్కనికి చెప్తే ఎట్ల?" అన్నారాయన. ఆ ఆదివారం కెమెరామన్లందరూ ఆఫీసుకు వచ్చినప్పుడు నిలబడి చెప్పాను. ఫైలు చెరిపింది నేను, టేపు ఖాళీ అన్నది నేను, సమ్మయ్య కెమెరా హెడ్‌కు ఏ దుమ్మూ లేదు. పటేల్ కూడా అందరి ముందే అతనికి సారీ చెప్పారు. సమ్మయ్య ఇబ్బందిగా నవ్వి, "ఇగ చాలు తియ్యన్న, చాయ్ చల్లారుతుంది" అన్నాడు. నేను ఆ నవ్వును క్షమించడంగా లెక్క వేసుకోలేదు.

అదే రోజు రెండు నియమాలు రాసి గోడకు అంటించాను. ప్రసారం పూర్తయ్యేదాకా టేపు వెనక్కి పోదు. ప్రతి ఫైలుకూ ఊరి పేరు, మాట్లాడిన మనిషి పేరు, తీసిన మనిషి పేరు ఉండాలి. పదవీ విరమణ దాకా ఆ పద్ధతి తప్పలేదు. ఆ వారంలోనే మంగ్లి పూర్తి ప్రసంగం సీడీ చేసి తండాకు తీసుకెళ్లాను. నీ మాటకు మూడు అని పేరు పెట్టుకుని పోగొట్టాను, అడిగినప్పుడు ఉన్నదని అబద్ధం కూడా చెప్పాను అని ఆమెకూ చెప్పాను.

"మూడంటే నేనేనా? మంచిగ పెట్టినవ్ పో పేరు!" అని ఆమె పక్కనున్న ఆడవాళ్లతో తమ భాషలో ఏదో అంది. అందరూ నన్ను చూసి పగలబడి నవ్వారు. ఏమన్నదో నేను అడగలేదు.

వచ్చాక సమ్మయ్యను పక్కన కూర్చోబెట్టుకుని ఆ టేపు మొదటి నుంచీ మళ్లీ ఎక్కించాను. ఫైలుకు 'గూడూరు, మంగ్లి, సమ్మయ్య' అని పేరు పెట్టాను. అది ఇప్పటికీ నా దగ్గర రెండు డిస్కుల్లో ఉంది.