మత్తు డాక్టరమ్మను భయపెట్టిన నా గోర్లు

ఆపరేషన్ అయితే మంచిగనే అయింది. ముందుగాల్నే చెప్తున్న, ఎవ్వలు ఫికర్ చేయకుండ్రి, చాయ తాగుకుంట వినుండ్రి. కోత పడకముందే దవాఖాన మొత్తాన్ని ఎట్ల ఉరికిచ్చిన్నో గదే మీకు చెప్పాలె.

నాకు హెర్నియా అని మీకు ఎరికే కద. మగ్గం గుంటల కూసోని కాలు తొక్కినప్పుడల్లా గజ్జల్ల ఉబ్బు బయటికొచ్చుడు, నేను చేత్తోని లోపటికి నూకుకునుడు. కోత అంటె భయానికి ఏడాది గిట్లనే గడిపిన. ఆఖరికి మా ఇంటామె సుజాత, ఆపరేషన్ చేయించుకోకుంటె తను మగ్గం ఎక్కనని మొండికేసింది. నల్గొండల ఒక దవాఖానల మాట్లాడినం. పొద్దుగాల పోతె సాయంత్రానికి ఇంటికి పంపుతరట. కోసే డాక్టరు మాత్రం హైదరాబాద్ నుంచి ఎప్పుడో ఒకనాడు వస్తడు. గా రోజు తప్పిందంటె మళ్ల ఎప్పుడో. మళ్ల నాకు గంత ధైర్యం వస్తదన్న నమ్మకం నాకే లేదు.

ముందురోజు సిస్టరమ్మ ఫోన్ చేసి అన్ని చెప్పింది. రాత్రి తేలికగ తినాలె, తెల్లారినంక మంచినీళ్లు సుత ముట్టొద్దు, ఉంగరాలు తియ్యాలె, తోడుకు మనిషిని తెచ్చుకోవాలె. మొలతాడు సుత తియ్యాలె అంటె జర మనసున పట్టలే, అయినా సరే అన్న. ఆఖరికి గోర్లకు నెయిల్ పాలిష్ ఉంటె తీసెయ్యాలె అన్నది. నాకు నవ్వాగలే. నా మీసం చూస్తె గా మాట అనకపోతుంటివి సిస్టరమ్మా అన్న. పాపం, ఆమె కూడా నవ్వింది.

ఫోన్ పెట్టేసి ఏం చేసిన్నో తెల్సా? కూసోని రంగు కలిపిన. ఆపరేషన్ అయినంక కొన్నాళ్లు బరువు ఎత్తొద్దన్నరు. మగ్గం మీదున్న చీర కొంగుకు నీలం నూలు ఇంకా కావాలె. గా పని ఒక్కటి ఒడగొడితె సుజాత నేసుకుంటది కద అని రెండు చేతులు రంగునీళ్లల్ల పెట్టి నూలు పిసికిన. గ్లౌజులు మనకు అలవాటు లేదు, ఏసుకుంటె నూలు చేతికి తెలువది. తర్వాత సబ్బు పెట్టి రుద్దుకున్న, తానం చేసిన, నిమ్మలంగ పండుకున్న. చిన్నప్పటి సంది నా చేతులు ఏదో ఒక రంగు మీదనే ఉంటయి, నా కండ్లకు గది ఆననే ఆనదు.

తెల్లారి దవాఖానల గౌను తొడిగి బల్ల మీద పండబెట్టిండ్రు. సిస్టరమ్మ ఒంట్ల ఆక్సిజన్ ఎంతుందో చూసే క్లిప్పు వేలుకు పెట్టింది. మిషిన్ కుయ్ కుయ్ మన్నది. ఇంకో వేలుకు పెట్టింది, మళ్ల గదే మోత. మిషినే మార్చింది. అప్పుడు నా చెయ్యి పట్టి గోర్లు చూసి, ఒక్క ఉరుకున పోయి మత్తు డాక్టరమ్మను తోల్కొచ్చింది. ఆమె నా బిడ్డ ఈడుది ఉంటది. గోర్లు నీలం పడ్డయి, ఆక్సిజన్ పెట్టుండ్రి అన్నది. మూతికి మాస్కు పడ్డది. నేను మాట్లాడబోతె మాట్లాడకు అంటున్నరు. గంత చదువుకున్నోళ్లు గట్ల ఉరుకుతుంటె నా పని అయిపోయిందనే అనుకున్న. ఊపిరి మంచిగనే ఆడుతాంది, అయినా ఆడుతలేదేమో అనిపిచ్చింది. సుజాతను పిలువుమని సైగ చేసిన. ఆమె వచ్చేలోపు కొంగు ఒక్కతే ఎట్ల నేస్తదో అని కండ్లల్ల నీళ్లు సుత తిరిగినయి.

సుజాత వచ్చింది. ముందు నన్ను చూసింది, తర్వాత అందరు పట్టుకున్న నా చెయ్యి చూసింది.

"గది నూలుకు అద్దే రంగు, అమ్మా," అన్నది డాక్టరమ్మతోని. "నిన్న అద్దిండు."

డాక్టరమ్మ నా మూతి మీది మాస్కు తీసి నాలుక చూసింది, పెదవులు చూసింది. దూదికి స్పిరిట్ పెట్టి గోరును రుద్దుతనే ఉన్నది. మాస్కు తీసినంక నా నోరు ఊకుంటదా?

"ఎంత రుద్దినా పోదు డాక్టరమ్మా, మా రంగుకు గ్యారంటి."

"పోతేనే బాగుండు కాకా," అన్నది ఆమె. సుజాత నా దిక్కు చూసిన చూపుకు, మాస్కు మళ్ల పెడితె బాగుండనిపిచ్చింది.

ఇంతల కోసే డాక్టరు తొంగి చూసి, ఈయనను ఆపి ఇంకొకలను తీసుకుందమా అని అడిగిండు. డాక్టరమ్మ జర ఆగుమని, గా క్లిప్పు తీసి ఇంకో రకం క్లిప్పు తెప్పించి నా చెవికి పెట్టింది. మిషిన్ నిమ్మలపడ్డది. మంచిగుంది, కానియ్యుండ్రి అన్నది. నిజం చెప్తున్న, గప్పుడు ఆమె కాళ్లు మొక్కాలనిపిచ్చింది. నన్ను ఇంటికి పొమ్మన్నా ఎవ్వలు తప్పు పట్టకపోదురు. మత్తు ఎక్కేదాక నా తల మీద చెయ్యి పెట్టి, ఏం చీరలు నేస్తవు, ఎట్ల నేస్తవు అని అడుగుకుంటనే ఉన్నది. నేను కొంగు సంగతి చెప్పుకుంట చెప్పుకుంటనే నిద్రపోయిన. ఏడాది భయపడ్డ కోత ఎప్పుడు పడ్డదో నాకు తెల్వనే తెల్వదు.

సాయంత్రం పోయేముందు ఆమెకు చెప్పి పోదామని ఆగిన. ఎన్నో చెప్పాలనుకున్న గని, ఆమె రాంగనే అన్ని మర్చిపోయిన. రెండు చేతులెత్తి దండం పెట్టిన. డాక్టరమ్మ అటిటు చూసి, నా చేతులు పట్టి కిందికి దించింది.

"దండం వద్దు కాకా, చేతులు శాలువల పెట్టుకో. బయట ఆపరేషన్‌కు వచ్చినోళ్లు కూసున్నరు, నీ గోర్లు చూస్తె లేచి ఇంటికి పోతరు."

గంత మంచిగ నయం చేసి పంపితె, నేను చేతులు దాచుకోని దొంగ లెక్క బయటపడ్డ.