ఫోనులో చోటు లేని రోజు

మా ఇంటికి మొదటి సెల్‌ఫోను వచ్చేనాటికి నేను అనకాపల్లిలోనే డిగ్రీ చదువుతున్నాను. చిన్న తెర, రబ్బరు మీటలు, నొక్కితే ఆకుపచ్చ వెలుతురు. పేరుకే అది అమ్మ ఫోను. మెసేజ్‌లు చదవడం, టైపు కొట్టి పంపడం నా పని. అమ్మకి తెలుగు చదవడం వచ్చు గానీ ఆ ఫోనుకి తెలుగు రాదు. ఇంగ్లీషు అక్షరాల్లో వచ్చిన తెలుగుని నేను పైకి చదివి వినిపించేదాన్ని.

మా చర్చి సంఘం అయ్యగారు రోజూ పొద్దున్నే బైబిల్లోంచి ఒక వాక్యం మెసేజ్ పెట్టేవారు. ఫోను టింగుమందంటే అమ్మ స్టవ్వు మంట తగ్గించి, కొంగు తలమీదకి లాక్కుని, "సదువు" అనేది. గుడిలో విన్నట్టే, గిన్నెల మధ్య నిలబడి వినేది. "ఆమేన్" అన్నాకే మళ్ళీ మంట పెంచేది.

చిక్కల్లా ఒకటే. ఆ ఫోనులో మెసేజ్‌లు పట్టే చోటు చాలా తక్కువ. నిండిపోతే పాతవి తీసెయ్యాలి. అమ్మ ససేమిరా అనేది.

"వాక్యాన్ని కొట్టేత్తావేటే? దేవుడి మాటది. నీ కాలేజీ గుంటల జోకులుంతాయి కదా, అవి కొట్టేసుకో."

నా స్నేహితురాళ్ళ జోకులు ఎప్పుడో పోయాయి. మిగిలినవన్నీ వాక్యాలే. మా సంఘంలో పాటలెత్తే పక్కింటావిడ ఈ సంగతి విని పడీపడీ నవ్వేది.

"ఒదినా, మీ పోన్లో సోటు నేదు. దేవుడొచ్చినా గుమ్మంలో నిలబడాల్సిందే."

"నిలబడతాడులే. తలుపుకాడ నిలబడ్డం ఆయనకి అలవాటే," అనేది అమ్మ.

అమ్మ పుట్టిల్లు పూడిమడక. పిన్ని అక్కడే ఉండేది. చిన్నాన్న సముద్రం మీద వేటకెళ్ళేవాడు. ఒక ఏడాది, వానలు వెనకబట్టే రోజుల్లో వాయుగుండం పట్టింది. వేటకెళ్ళొద్దని శనివారం టీవీలో చెప్పేసరికే చిన్నాన్న బోటు వెళ్ళిపోయింది. పిన్ని కూతురు ఫోన్ చేసి, "నాన్న ఒడ్డుకొచ్చేక మెసేజ్ పెడతాను పెద్దమ్మా" అంది. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా లైను కలవలేదు.

ఆదివారం ఆరాధనలో సంఘమంతా చిన్నాన్న కోసం మోకరించింది. ఇంటికొచ్చేసరికి గాలికి మా పెరటి రేకులు టపటపలాడుతున్నాయి. ధైర్యానికని పక్కింటావిడ కూడా మాతో వచ్చింది. అమ్మ బియ్యం కడగలేదు, కూర ముట్టలేదు. ఎసరుకని పెట్టిన నీళ్ళు ఊరికే మరుగుతున్నాయి. ఫోను తీసి చూస్తే తెరమీద చిన్న కవరు బొమ్మ వెలుగుతూ ఆరుతూ ఉంది.

"ఏటే అది?"

"ఏదో మెసేజ్ వచ్చిందమ్మా. లోపల చోటు లేక ఆగిపోయింది. ఒకటి తీసేస్తే వస్తుంది."

పక్కింటావిడ ఈసారి నవ్వలేదు. "తీసీమను ఒదినా. దేవుడికి తెలీదేటి?" అంది.

"అన్నిటికన్నా పాతది సదువు," అంది అమ్మ.

చదివాను. ఆకాశ పక్షుల గురించిన వాక్యం. అమ్మ నా వెనకే పలికింది. మధ్యలో తడబడి, "మళ్ళీ సదువు" అంది. ఒక్క మాట జారనివ్వలేదు. మొత్తం తనంతట తాను చెప్పాక, "నోటికొచ్చీసింది. ఇంక తీసీ" అంది.

తీశాను. ఫోను మోగింది.

"బోటు రాలేదు. అమ్మ ఏడుస్తోంది. ప్రార్థన చెయ్యండి పెద్దమ్మా."

కవరు ఇంకా వెలుగుతూ ఆరుతూనే ఉంది. దీని వెనక ఇంకోటుంది. చదివేశాం కదా అని ఇదే తీసెయ్యబోయాను. అమ్మ గభాలున నా చెయ్యి పట్టుకుంది.

"ఒద్దే. అది మొర. జవాబు రాకుండా మొరని కొట్టేత్తారేటి? వాక్యం తీసీ."

"నేర్చుకోవా మరి?"

"ఇప్పుడు టయం నేదు. నాకు నోటికి రాపోయినా ఆయనకి వచ్చు కదే."

ఏదని చూడకుండానే వేలికి దొరికిన వాక్యం తీసేశాను. ఫోను మోగింది.

"నాన్న వచ్చేసేడు పెద్దమ్మా. వలలన్నీ పోయాయి. నాన్న ఉన్నాడు."

అమ్మ ఉన్నచోటే కూలబడి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. పక్కింటావిడ స్తుతి పాట ఎత్తుకుంది. నేను వెళ్ళి స్టవ్వు కట్టేశాను. గిన్నెలో నీళ్ళన్నీ ఇగిరిపోయి అడుగు నల్లబడింది.

ఆ తర్వాత మా ఇంట్లో కొత్త పద్ధతి వచ్చింది. పొద్దున్న వచ్చిన వాక్యం మధ్యాహ్నానికల్లా అమ్మ నోటికి రావాలి, సాయంత్రం నేను తీసెయ్యాలి. పూడిమడక నుంచి వచ్చిన ఆ రెండు మెసేజ్‌లు మాత్రం ఆ ఫోను పాడయ్యేదాకా అందులోనే ఉన్నాయి.

ఇప్పుడు అమ్మ ఫోనులో చోటుకి కరువు లేదు. వాక్యాలు గులాబీల బొమ్మలతో గుంపులుగుంపులుగా వస్తాయి. "బాగున్నాయే" అని వేలితో జరిపేస్తుంది. పొయ్యి దగ్గర మాత్రం ఆనాడు నేర్చుకున్నవే చెప్పుకుంటుంది.

ఆవేళ నేర్చుకోకుండా తీసేసిన వాక్యం ఏదో ఇద్దరికీ తెలీదు. అందుకే గుడిలో అయ్యగారు తనకి నోటికి రాని వాక్యం చదివితే చాలు, అమ్మ మోచేత్తో నన్ను పొడుస్తుంది.

"ఇదేనేటే అది?"

"ఇదే అయ్యుంటుందమ్మా," అంటాను ప్రతిసారీ.

ఇంటికొచ్చేలోపు అది కూడా ఆవిడ నోటికొచ్చేస్తుంది.