జరిగిపోయిన ఆటలకి ప్రార్థన

మా నాన్న మిషన్ స్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో దొరగారి బంగళాకి ఇంగ్లండు నుంచి పేపర్ల కట్టలు ఓడలో వచ్చేవట. వాటిలో ఒక ఫుట్‌బాల్ ఆటగాడి ఫొటో చూసి నాన్న మనసు పారేసుకున్నాడు. బొగ్గుగని కార్మికుడి ఇంట పుట్టి, ఇరవై దాటకుండానే పెద్ద క్లబ్బుకి గోల్సు మీద గోల్సు కొట్టిన మనిషి. వాటిలో సగం గోల్సు తలతోనే కొట్టేవాడట. ‘వచ్చే శనివారం మ్యాచ్’ అని నెలనాటి పేపర్లో చదివి నాన్న ఆయన కోసం మోకరించేవాడు. అది ఎప్పుడో అయిపోయిందయ్యా అని దొరగారు నవ్వితే, "దేవుడికి తేదీలేంటండీ?" అన్నాడట.

తర్వాత ఆ ఆటగాడి మోకాలు దెబ్బతింది. చిన్న క్లబ్బులకి దిగిపోయాడు. అంతలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చి పేపర్లు ఆగిపోయాయి. నాన్న మాత్రం ఆగలేదు. పంతొమ్మిది వందల డెబ్భైల్లో, మేం భవానీపురంలో ఉన్నప్పుడు కూడా, సాయంత్రం ప్రార్థనలో మా పేర్ల తర్వాత ఆయన పేరూ ఆయన మోకాలూ రావాల్సిందే. నాకు ఒళ్లు మండేది. నా ట్రైనింగు పరీక్షలకి కూడా నాన్న అంతసేపు ప్రార్థించలేదు.

ఒకరోజు లైబ్రరీలో ఇంగ్లీషు పత్రిక తిరగేస్తుంటే పాత ఆటగాళ్ల గురించిన వ్యాసం కనబడింది. ఆయన పోయి రెండేళ్లయిందట. వారం రోజులు నాన్నకి తెలియకుండా దాచాను. లేని మనిషి మోకాలికి ఆమెన్ అనడం నావల్ల కాక, ఎనిమిదో రోజు చెప్పేశాను.

ఆ సాయంత్రం ప్రార్థన ఆయన పేరు దగ్గరికొచ్చి ఆగిపోయింది. చనిపోయినవాళ్ల కోసం ప్రార్థించడం మా ప్రొటెస్టెంటు సంఘంలో లేదు. ఆ విషయంలో నాన్నది ఉడుంపట్టు. అమ్మ పుట్టిల్లు గుణదల, వాళ్లు క్యాథలిక్కులు, పోయినవాళ్ల కోసం ప్రార్థిస్తారు. అమ్మమ్మ పోయినప్పుడు మేరీమాత కొండ దగ్గర ఒక్క కొవ్వొత్తి వెలిగించి వస్తానంటే నాన్న వెళ్లనివ్వలేదు. అమ్మ మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మూడు రోజులు నాన్న సరిగా అన్నం తినలేదు. అనవసరంగా చెప్పానని నేను ఏడ్చాను కూడా. నాలుగో రోజు పొద్దున వంటింటి గుమ్మంలో నిలబడి, గుణదలలో ఆయన పేరు మీద ఒక కొవ్వొత్తి పెట్టి రాగలవా అని అమ్మని అడిగాడు.

అమ్మ బియ్యం ఏరుతూనే ఉంది.

"ముందు మా అమ్మకి వెలిగిస్తానండీ," అంది. "తర్వాత ఆయనకి."

నాన్న గుమ్మం దాటి లోపలికొచ్చాడు. "నేనూ వస్తాను," అన్నాడు.

"ఈసారికి వద్దండీ," అంది అమ్మ. ఒక్కతే వెళ్లింది.